కొత్త కాలనీల భారం ఎవరిపై, ఏ రూపంలో: తిరుపతి శివార్ల కోసం ఒక పోలిక

తిరుపతికి ఉత్తరాన శేషాచలం గోడలా నిలిచి ఉన్నందున ఊరు పెరగాలంటే తూర్పున రేణిగుంట వైపు, పడమర చంద్రగిరి వైపు, దక్షిణాన స్వర్ణముఖి వైపు జరగక తప్పదు. 2011 జనాభా లెక్కల నాటికే నగరపాలక సంస్థ హద్దుల్లో సుమారు 2.87 లక్షల మంది ఉండగా, చుట్టుపక్కల ఊళ్లను కలుపుకుంటే ఆ సంఖ్య 4.6 లక్షలకు చేరువైంది. అంటే ఊరు కాగితం మీది హద్దును అప్పటికే దాటిపోయింది. నిన్నటిదాకా వరి పండిన మడిలో, మామిడి కాచిన తోటలో ఈ రోజు వెంచర్ వేస్తే లోపలి రోడ్లు, కరెంటు స్తంభాలు, ఓవర్‌హెడ్ ట్యాంకు డెవలపరే వేస్తాడు. ఆ వెంచర్ నుంచి బయలుదేరిన మురుగును, వాననీటిని, వాహనాలను మోయవలసిన పెద్ద కాలువ, పెద్ద పైపు, పెద్ద రోడ్డు మాత్రం ఎవరి పద్దులోనూ ఉండవు.

ఆ పెద్ద పనుల ఖర్చును అభివృద్ధిదారుల నుంచి రాబట్టడానికి స్థానిక సంస్థల చేతిలో ఉన్న పద్ధతులు ముఖ్యంగా అయిదు: భూమిని తీసుకోవడం, విస్తీర్ణాన్ని బట్టి ఒకే రేటున ఛార్జీ వేయడం, కొత్త నిర్మాణం వల్ల ఊరి మీద పడే భారాన్ని లెక్క కట్టి ఇంపాక్ట్ ఫీజు వసూలు చేయడం, ఒక్కొక్క ప్రాజెక్టుతో విడిగా ఒప్పందం కుదుర్చుకోవడం, భూములన్నిటినీ కలిపి తిరిగి పంచడం. ఛార్జీల సవరణ ముసాయిదా వెలువడి అభ్యంతరాలు, సూచనలు కోరినప్పుడు ఏమి రాయాలో తోచని కాలనీ సంఘాల వారిని, వార్డు సభ్యులను, చిన్న బిల్డర్లను ఉద్దేశించి ఈ పోలిక రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. దగ్గరి అవసరాలకు భూమినే తీసుకోవాలి, దూరపు ఉమ్మడి అవసరాలకే డబ్బు తీసుకోవాలి, ఆ డబ్బు ఏ పనికో పేరు పెట్టకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. ముసాయిదా మీద జరిగే చర్చ అంతా రేటు చుట్టూ తిరుగుతుంది కానీ, రేటు కన్నా ముందు తేల్చవలసినవి ఈ మూడు.

భూమి రూపంలో తీసుకోవడం

మన రాష్ట్రంలో అన్నిటికన్నా పాతుకుపోయిన పద్ధతి ఇదే. లేఅవుట్‌లో పదో వంతు స్థలాన్ని ఓపెన్ స్పేస్‌గా వదలాలి, రోడ్లతో పాటు దానిని గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు అప్పగించాలి, లోపలి పనులు పూర్తిచేస్తామన్న హామీగా అమ్మకపు ప్లాట్లలో 15 శాతాన్ని తనఖా పెట్టాలి. మన వైపు స్థలాలు అంకణాల్లో అమ్ముడవుతాయి గనుక ఆ లెక్కలోనే చూద్దాం. ఇక్కడి అంకణం 36 చదరపు అడుగులు. సెంటుకు 12.1 అంకణాలు, ఎకరాకు 1,210 అంకణాలు వస్తాయి. పదెకరాల వెంచర్‌లో 12,100 అంకణాలుంటే, ఓపెన్ స్పేస్‌కు 1,210 పోయి, రోడ్లకు దాదాపు 30 శాతం అనుకుంటే మరో 3,630 పోయి, అమ్ముకోదగినవి 7,260 అంకణాలు మిగులుతాయి. అందులో 1,089 అంకణాలు పనులు ముగిసేదాకా తనఖాలో ఉంటాయి.

ఈ పద్ధతికి ఉన్న బలాన్ని మరే పద్ధతీ అందుకోలేదు. డబ్బు విలువ ఏటేటా కరిగిపోతుంది, స్థలం ఎక్కడికీ పోదు. పదేళ్ల కిందట వదిలిన స్థలంలో ఈ రోజు పార్కు వేసుకోవచ్చు, ఆటస్థలం చేసుకోవచ్చు. అదే పదేళ్ల కిందట వసూలు చేసిన ఛార్జీ ఈ రోజు అదే వీధిలో నాలుగు సెంట్లయినా కొనిపెట్టదు. అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించినప్పుడు, ఓపెన్ స్పేస్ వదలని చోట ప్లాటు విలువలో 14 శాతాన్ని దానికి బదులుగా కట్టించుకున్నారు. ఖజానాకు అది లాభమే కావచ్చు. ఆ కాలనీ పిల్లలకు మాత్రం ఆడుకునే చోటు ఏ ధరకూ తిరిగి రాదు, ఎందుకంటే చుట్టూ ఇళ్లు లేచిన తరువాత అమ్మకానికి స్థలమే ఉండదు.

బలహీనతలు కూడా చిన్నవి కావు. డెవలపర్ వదిలే పదో వంతు ఎక్కడ పడుతుందో ఎవరికి వారు చూసి తెలుసుకోవలసిందే. హైటెన్షన్ తీగల కింద, వాగు ఒడ్డున, మూడు మూలల ముక్కగా, ప్లాటుగా అమ్ముడుపోని చోటే సాధారణంగా అది తేలుతుంది. రెండెకరాల వెంచర్లు అయిదు పక్కపక్కనే వస్తే అయిదు ముక్కల ఓపెన్ స్పేస్ వస్తుందే తప్ప అందరికీ పనికొచ్చే ఎకరం స్థలం రాదు. అందువల్ల ముసాయిదాలో శాతం పెంచమని కోరడం కన్నా, ఆ శాతం మ్యాప్ మీద ఎక్కడ ఉండాలో ప్రణాళికా సంస్థే ముందుగా గుర్తించాలని, పక్క వెంచర్ ఓపెన్ స్పేస్‌కు ఆనుకునేలా చూడాలని, చెరువులో మిగులు నీరు పొర్లే కలుజు నుంచి వచ్చే కాలువ వెడల్పును అందులో కలిపి చూపకుండా విడిగా వదిలించాలని కోరడం మేలు. 2021 నవంబరు వానల్లో తిరుపతి, దాని చుట్టుపక్కల పల్లెలు మునిగినప్పుడు, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసినప్పుడు, నీరు తన పాత దారినే వెతుక్కుంటూ వచ్చింది. మేము ప్లాటు కొనుక్కున్న వెంచర్‌లో లోపలి డ్రైన్లన్నీ సిమెంటుతో చక్కగానే కట్టారు. అవన్నీ కలిసి చివరకు పక్క రైతు చేలో తెరుచుకున్నాయి. ఆ రైతు మట్టి పోసి మూసేశాడు. తప్పు ఆయనదని నేను ఈనాటికీ అనలేను.

ఒకే రేటు ఛార్జీ

చదరపు మీటరుకు ఇంత అని డెవలప్‌మెంట్ ఛార్జీ, వసతుల వల్ల స్థలం విలువ పెరిగినందుకు బెటర్‌మెంట్ ఛార్జీ వసూలు చేయడం రెండో పద్ధతి. లెక్క తేలిక. కట్టేవాడికి ఎంతో ముందే తెలుస్తుంది, వసూలు చేసే గుమాస్తాకు విచక్షణ చూపే అవకాశం ఉండదు, కాబట్టి చేతులు తడిపే అవసరం కూడా తగ్గుతుంది. ఈ చివరి గుణాన్ని తక్కువగా చూడకూడదు.

అయితే ఈ ఛార్జీకి, ఆ వెంచర్ వల్ల ఊరి మీద పడే భారానికి సంబంధం ఉండదు. రోడ్డు పక్కన, ఊరి ప్రధాన పైపు అయిన ట్రంక్ పైపుకు నూరు గజాల దూరంలో ఉన్న స్థలమూ, మూడు కిలోమీటర్ల పైపు వేస్తే తప్ప నీరు చేరని స్థలమూ ఒకే రేటు కడతాయి. దూరంగా వెంచర్ వేయమని ప్రోత్సహించినట్టే అవుతుంది. పైగా వసూలైన సొమ్ము సాధారణ నిధిలో కలిసిందంటే అది జీతాలకు పోయిందో, వీధి దీపాల బిల్లుకు పోయిందో తేల్చడం ఆడిటర్‌కు కూడా కష్టమే. చట్టపరంగా కూడా జాగ్రత్త అవసరం. అహ్మదాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ కేసులో సుప్రీంకోర్టు 1992లో, మూల చట్టంలో స్పష్టమైన అధికారం లేకుండా అభివృద్ధి ఫీజు వసూలు చేయడం చెల్లదని తేల్చింది. కనుక ముసాయిదా చేతికి అందగానే చూడవలసింది రేటు పట్టిక కాదు, అది ఏ చట్టంలోని ఏ సెక్షన్ కింద వచ్చిందన్న పీఠిక.

లెక్క కట్టిన ఇంపాక్ట్ ఫీజు

మూడో పద్ధతిలో స్థానిక సంస్థ ముందుగా రాబోయే పదేళ్లలో ఎన్ని ఇళ్లు వస్తాయో అంచనా వేస్తుంది. వాటికోసం ఏయే పనులు కావాలో జాబితా రాస్తుంది. ఆ ఖర్చులో కొత్తవారి వాటాను మాత్రమే విడదీసి, ఇంటికి ఇంత అని నిర్ణయిస్తుంది. ఒక ఊహాజనిత ఉదాహరణ చెబుతాను. ఒక వైపు శివారుకు ట్రంక్ మురుగు పైపు, దాని పంపింగ్ స్టేషన్ కలిపి 30 కోట్లు అవుతాయనుకుందాం. అందులో 6 కోట్లు ప్రభుత్వ గ్రాంటుగా వస్తే మిగిలేది 24 కోట్లు. ఆ పైపును వాడుకోబోయేది ఇప్పటికే ఉన్న 4,000 ఇళ్లు, కొత్తగా వచ్చే 6,000 ఇళ్లు అయితే ఇంటికి 24,000 రూపాయలు పడుతుంది. కొత్త ఇళ్ల నుంచి రావలసింది 14.4 కోట్లు. మిగతా 9.6 కోట్లు పాత ఇళ్ల వాటా గనుక అది ఆస్తి పన్ను నుంచో, సాధారణ నిధి నుంచో రావాలి.

ఈ పద్ధతిలోని నిజాయితీ అంతా ఆ 9.6 కోట్లలో ఉంది. పాత లోటును కొత్తవాడి నెత్తిన రుద్దకూడదన్నది దీని మూల సూత్రం. ఆ లోటును పూడ్చుకోవలసిన ఊరు తన వాటా పెట్టకపోతే పైపు పడదు, కొత్తవారు కట్టిన డబ్బు ఖాతాలో పడి ఉంటుంది, అయిదేళ్ల తరువాత అదే పైపు 45 కోట్లు అవుతుంది. మరో చిక్కు కూడా ఉంది. ఫీజు ఇల్లు వచ్చినప్పుడు వస్తుంది, పైపు ఇంటికన్నా ముందు పడాలి. పదేళ్లలో 6,000 ఇళ్లకు బదులు 3,000 ఇళ్లే వస్తే 7.2 కోట్లు తక్కువపడతాయి. కాబట్టి అప్పు తెచ్చి ముందే పని చేయగల శక్తి, ఆ అప్పు తీర్చే ఓపిక ఉన్న నగరానికే ఈ పద్ధతి సరిపడుతుంది.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం 1987లో చేసిన చట్టం ఈ విషయంలో చూడదగినది. అక్కడ పనుల ప్రణాళిక ముందుగా ప్రకటించకుండా ఫీజు వేయరాదు. వసూలు చేసిన సొమ్ము పదేళ్లలో ఖర్చు కాకపోతే తిరిగి ఇచ్చేయాలి, అదీ మొదట కట్టిన డెవలపర్‌కు కాదు, ఆ రోజు ఆ ఆస్తి ఎవరి పేర ఉంటే వారికి. భారం చివరకు ఇల్లు కొన్నవాడి మీదే పడిందన్న సత్యాన్ని ఇంత నిక్కచ్చిగా ఒప్పుకున్న నిబంధన నాకు మరొకటి తారసపడలేదు. కాలిఫోర్నియాలో ఒక కౌంటీ, తన స్థలంలో చిన్న ఇల్లు పెట్టుకోబోయిన వ్యక్తి నుంచి 23,420 డాలర్ల ట్రాఫిక్ ఫీజు వసూలు చేసిన వివాదంలో అమెరికా సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది. పట్టిక ప్రకారం అందరికీ ఒకేలా వేసిన ఫీజు అయినంత మాత్రాన, భారానికీ వసూలుకూ మధ్య పొంతన ఉందా అన్న పరీక్ష నుంచి అది తప్పించుకోలేదన్నది ఆ తీర్పు సారాంశం.

మన దగ్గర ఇంపాక్ట్ ఫీజు పేరు కొత్తది కాదు. ఉమ్మడి రాష్ట్ర కాలపు భవన నిబంధనల నుంచే నగర స్థాయి మౌలిక వసతుల ఇంపాక్ట్ ఫీజు ఉంది. అది నిర్ణీత ఎత్తు దాటిన అంతస్తుల మీద పడుతుంది. ఆ సొమ్మును నిర్ణీత పనులకే వాడదగిన విడి ఖాతాలో (ఎస్క్రో ఖాతాలో) ఉంచాలని, సగాన్ని అదే ప్రాంతంలో, మిగతా సగాన్ని నగర స్థాయి పనులకు వాడాలని, అందుకు ఒక ప్రణాళిక ఉండాలని ఆ నిబంధనలు చెప్పాయి. ఆలోచన సరైనదే. కానీ ఎత్తును కొలమానంగా తీసుకోవడం హైదరాబాద్‌కు తగినంతగా తిరుపతికి తగదు. ఇక్కడ భారం పెరుగుతున్నది ఆకాశంలోకి కాదు, అడ్డంగా శివార్లలోకి. వందెకరాల్లో వేసిన ప్లాట్ల వెంచర్ ఏ ఎత్తూ ఎక్కదు, కాబట్టి ఈ ఫీజు దాన్ని తాకదు.

తిరుపతికే ప్రత్యేకమైన మరో లెక్క ఉంది. రోజూ 60,000 నుంచి 70,000 మంది భక్తులు కొండకు వచ్చిపోయే ఊరిలో, ఇళ్ల సంఖ్యను బట్టి మాత్రమే ఫీజు లెక్క కడితే స్థానికుడు యాత్రికుడి నీళ్లకు కూడా డబ్బు కట్టినట్టు అవుతుంది. కల్యాణి డ్యాం నీరూ, తెలుగు గంగ పథకం కింద కండలేరు నుంచి వచ్చే నీరూ ఇంటి కుళాయికే కాదు, లాడ్జి గదికీ పోతున్నాయి. కనుక లాడ్జీలు, హోటళ్లు, కల్యాణ మండపాలకు చదరపు మీటరు లెక్క కాకుండా గదుల సంఖ్యను, భోజనశాల సామర్థ్యాన్ని బట్టి ఫీజు వేయాలి. ఇది యాత్రికుల మీద కోపంతో అనే మాట కాదు. ఊరి బతుకు వారి మీదే ఆధారపడింది. అయినా వంద గదుల లాడ్జి విడిచే మురుగును అంతే వైశాల్యమున్న గోదాముతో సమానం చేయడం లెక్క కాదు.

ఒప్పందాలు

బ్రిటన్‌లో 1990 నాటి ప్రణాళికా చట్టంలోని 106వ సెక్షన్ కింద ఒక్కొక్క ప్రాజెక్టుతో విడివిడిగా బేరం కుదుర్చుకుంటారు. బడి కావాలంటే బడి, తక్కువ ధర ఇళ్లు కావాలంటే ఇళ్లు. ఇందులో జాప్యం ఎక్కువ, వకీళ్ల ఖర్చు ఎక్కువ, చిన్నవాడికి నష్టం ఎక్కువ అని గ్రహించి, 2010 నుంచి దానితో పాటు చదరపు మీటరు లెక్కన కమ్యూనిటీ లెవీని కూడా తెచ్చారు. మన వంటి చోట అధికారికి, డెవలపర్‌కు మధ్య మూసిన గదిలో జరిగే బేరాన్ని నేను సిఫారసు చేయను. ఏభై ఎకరాలు దాటిన టౌన్‌షిప్‌లకు, అదీ ఒప్పంద ప్రతిని యథాతథంగా ప్రజల ముందు పెట్టే షరతు మీద, అనుమతించవచ్చు.

ఆ కమ్యూనిటీ లెవీలో మాత్రం మనం అరువు తెచ్చుకోదగిన అంశం ఒకటుంది. వసూలైన దానిలో 15 శాతం ఆ నిర్మాణం వచ్చిన చోటి పారిష్ కౌన్సిల్‌కు, అంటే మన పంచాయతీ వంటి సంస్థకు వెళ్తుంది. ఆ ఊరు తన సొంత ప్రణాళిక రాసుకుని ఉంటే 25 శాతం వెళ్తుంది. తిరుపతి చుట్టూ వెంచర్లు వచ్చేది పంచాయతీల్లో, అనుమతులు ఇచ్చేది 1981లో ఏర్పడిన తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ (తుడా), చెత్త ఎత్తవలసింది మళ్లీ పంచాయతీ. వసూలులో వాటా ఇంత అని ముసాయిదాలోనే రాయించుకోని సర్పంచ్ తరువాత ఎన్ని అర్జీలు పెట్టినా ఫలితం ఉండదు.

భూములు కలిపి పంచడం

గుజరాత్‌లో 1976 నాటి చట్టం కింద అమలయ్యే టౌన్ ప్లానింగ్ పథకంలో వంద మంది రైతుల భూములను కాగితం మీద కలిపి, రోడ్లు, పార్కులు, బడి స్థలాలు ముందుగా విడదీసి, తగ్గిన విస్తీర్ణంతో సరైన ఆకారం గల ప్లాటును ఎవరిది వారికి తిరిగి ఇస్తారు. రోడ్లకు 15 శాతం, పార్కులకు 5 శాతం, సామాజిక వసతులకు 5 శాతం, బలహీన వర్గాల ఇళ్లకు 10 శాతం వరకు, సంస్థ అమ్ముకుని వసతులు కల్పించడానికి 15 శాతం వరకు తీసుకునే వీలుంది. పెరిగిన భూమి విలువలో సగం దాకా యజమాని నుంచి వాటాగా రాబట్టవచ్చు. అహ్మదాబాద్ చుట్టూ 76 కిలోమీటర్ల సర్దార్ పటేల్ రింగ్ రోడ్డుకు స్థలం చాలామేరకు ఇలాగే సమకూరింది. మన అమరావతిలో 2015లో మొదలైన భూసమీకరణ ఇదే కుటుంబానికి చెందినది. మెట్ట ఎకరాకు 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం తిరిగి ఇస్తామన్నది అక్కడి ఒప్పందం. రాజధాని పని నిలిచిపోయిన ఏళ్లలో, తిరిగి రావలసిన ప్లాటు కాగితంగానే మిగిలిన రైతు పరిస్థితిని కూడా చూశాం. ఈ పద్ధతిలో రైతు తన నమ్మకాన్ని ముందుగా పెట్టుబడి పెడతాడు. ఆ నమ్మకాన్ని నిలబెట్టే గడువు చట్టంలో లేకపోతే దీని జోలికి పోరాదు.

ఇది ఇంకా చేలుగా ఉన్న చోటికే పనికొస్తుంది. ఇప్పటికే ప్లాట్లుగా తెగి, బెంగళూరులోనో చెన్నైలోనో ఉన్న కొనుగోలుదారుల పేర చెదిరిపోయిన సర్వే నంబర్లలో ఇది సాధ్యం కాదు. అలాంటి చోట మాస్టర్ ప్లాన్ రోడ్డుకు స్థలం కావాలంటే టీడీఆర్ బాండ్లే, అంటే పోయిన స్థలానికి బదులుగా మరో చోట అదనంగా కట్టుకునే హక్కునిచ్చే పత్రాలే గతి. తిరుపతిలో రోడ్లు ఆ దారినే తెరిచారు. బాండు ఇస్తే ఖజానా నుంచి డబ్బు పోదు గనుక అది ఉచితమని అనిపిస్తుంది కానీ, అది మరో చోట అదనపు అంతస్తుగా లేస్తుంది, ఆ అంతస్తుకూ నీరు, డ్రైనేజీ కావాలి. కాబట్టి బాండు ఇచ్చిన విస్తీర్ణాన్ని కూడా ఇంపాక్ట్ లెక్కలో చేర్చాలి.

భారం ఎవరి మీద వాలుతుంది

డెవలపర్ ఛార్జీ కడితే చివరకు కొనేవాడే మోస్తాడని అందరూ అంటారు. అది సగమే నిజం. ఎకరాకు 6 లక్షల ఛార్జీ అంటే అమ్ముకోదగిన 726 అంకణాల మీద అంకణానికి దాదాపు 826 రూపాయలు. ఈ సంగతి డెవలపర్‌కు పొలం కొనకముందే తెలిస్తే రైతుతో బేరంలోనే ఆ మేరకు తగ్గించుకుంటాడు, ఎందుకంటే పక్క వెంచర్‌కన్నా ఎక్కువ ధర చెబితే ప్లాటు అమ్ముడుపోదు. పొలం కొన్నాక, అడ్వాన్సులు తీసుకున్నాక ఛార్జీ హఠాత్తుగా పెరిగితే అది డెవలపర్ లాభాన్నో, కొనేవాడి జేబునో తింటుంది. కాబట్టి రేటు ఎంతన్న దానికన్నా, రేటు ఎప్పుడు మారుతుందన్నది ముఖ్యం. మూడేళ్లకోసారి, ఏప్రిల్ ఒకటి నుంచి, ఏడాది ముందుగా ప్రకటించి మార్చాలని కోరడం అటు బిల్డర్లకూ ఇటు కొనేవారికీ మేలు చేసే సూచన. అలాగే మొత్తం ఛార్జీని అనుమతి రోజునే కట్టమంటే పెద్ద పెట్టుబడి ఉన్నవాడే నిలుస్తాడు. సగం అనుమతి సమయంలో, సగం ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేదా తనఖా విడుదల సమయంలో కట్టించుకుంటే చిన్నవాడికి ఊపిరి ఆడుతుంది, తనఖా చేతిలో ఉంది గనుక సంస్థకూ ప్రమాదం లేదు.

ఇక ఎంపిక. ఊరికి ఆనుకుని ఉండి పైపులు, రోడ్లు చేరువలో ఉన్న చోట, చిన్న చిన్న వెంచర్లకు ఒకే రేటు ఛార్జీ చాలు, దాన్ని విడి ఖాతాలో ఉంచితే అంతకన్నా చిక్కు పద్ధతి అనవసరం. రేణిగుంట దారిలో, చంద్రగిరి దారిలో పెద్దఎత్తున పెరుగుతున్న శివార్లకు ఓపెన్ స్పేస్, కాలువ దారులు భూమి రూపంలోనూ, ట్రంక్ పైపులకు లెక్క కట్టిన ఇంపాక్ట్ ఫీజు డబ్బు రూపంలోనూ కలిపి తీసుకోవాలి. చేలు ఇంకా చేలుగానే ఉన్న చోట, రాబోయే రింగ్ రోడ్డు గీత మ్యాప్ మీద పడకముందే భూములు కలిపే పథకానికి పూనుకోవాలి. గీత పడ్డాక ధరలు పెరిగి ఒక్క యజమానీ ఒప్పుకోడు.

చిత్తూరు సంగతి వేరు. జిల్లా కేంద్రమైనా అక్కడ యాత్రికుల తాకిడి లేదు, పెరుగుదల నెమ్మది, ఒత్తిడి శివార్ల మీదకన్నా పాత వీధుల మీద, నీవా నది గట్ల మీద ఎక్కువ. పదేళ్లలో ఎన్ని ఇళ్లు వస్తాయో అంచనా వేసి ఇంపాక్ట్ ఫీజు లెక్క కట్టడానికి అయ్యే అధ్యయనపు ఖర్చు, దానివల్ల అదనంగా వచ్చే రాబడికి సరిపోకపోవచ్చు. అక్కడ బెటర్‌మెంట్ ఛార్జీని ఒకే రేటున వేసి, వసూలైనదాన్ని నది గట్టు, వరద కాలువలకు మాత్రమే ఖర్చు చేస్తామని కౌన్సిల్ తీర్మానంలో రాసుకుంటే సరిపోతుంది. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే ప్రభావంతో దాని దారి పొడుగునా వెంచర్లు వరుసకడితే మాత్రం, ఆ వరుసకు విడిగా ప్రత్యేక ఫీజు వేయడానికి భవన నిబంధనల్లో ఇప్పటికే వీలుంది. పెద్ద రోడ్లకు ఆనుకున్న స్థలాలపై ప్రభుత్వ ఆమోదంతో అలాంటి ఫీజు వేయవచ్చు. ఆ ఆమోదం కోసం ఫైలు కదపవలసింది మొదటి లేఅవుట్ దరఖాస్తు అందకముందే.